పొడి పక్క

చేట నెత్తిమీద బోర్లిస్తే ఏడేళ్ళ మిరాన్‌కు ముఖం సగం మునిగిపోతుంది. అది చాలక ఆ పిల్ల చేటను ఇంకాస్త కిందికి లాక్కుంది.

"ముఖం దాచుకుంటే సిగ్గెలా వస్తుందే?" అంటూ నానమ్మ చేటను వెనక్కి నెట్టి, చేతికి సొరబుర్ర ఇచ్చింది. "వెళ్ళు. ముందు పక్కింటి మోక్పో ఆవిడ దగ్గరికి, తర్వాత పడవలు చేసేవాళ్ళింటికి. ఉప్పు అడుక్కుని తేకుండా గడప తొక్కావంటే ఊరుకోను."

పక్క తడిపిన పిల్లల్ని ఆ దీవిలో తెల్లారగానే ఇలాగే పంపిస్తారు. చేట చూస్తే చాలు, ఇరుగుపొరుగు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఉప్పు వేస్తారు, నాలుగు మాటలంటారు, చేటమీద ఒకటి మోదుతారు.

యోంగ్నే పెరట్లో నాచు తరుగుతోంది. చీకటితోనే సముద్రంలో వెదురుగడల మీంచి కోసుకొచ్చిన, ఎండబెట్టి తినే నల్లటి నాచు, చెక్కదిమ్మ మీద కుప్పగా ఉంది. రెండు చేతులా రెండు కత్తులు పట్టుకుని టకటకా కొడుతోంది. చేతులు ఇక్కడున్నాయి గానీ చెవులు గోడవతల ఉన్నాయి.

"ఓహో, రాత్రి మళ్ళీ వానొచ్చిందా మీ ఇంట్లో?" మోక్పో ఆవిడ గొంతు. వెంటనే చేటమీద గరిటె దెబ్బ. ఎవరో పిల్లలు కిచకిచా నవ్వారు. "పొయ్యి, పొయ్యి, ఇలాగే పోస్తూ ఉండు. మీ కొత్తమ్మ మూట కట్టుకుని హేనాం పడవెక్కేస్తుంది. అప్పుడు ఏడుద్దువుగాని."

కత్తులు ఆగాయి. మిరాన్ తల్లి పోయాక యోంగ్నే హేనాం నుంచి ఈ ఇంటికి రెండో పెళ్ళి కోడలుగా వచ్చి ఇంకా ఒక చలికాలమైనా గడవలేదు. మొగుడు దాల్‌సూ తూర్పు సముద్రానికి వేటకు పోయాడు, ఇప్పట్లో రాడు. ఇంట్లో ఉన్నది అత్తగారు, తను, తనను ఇంతవరకూ ఏ పిలుపుతోనూ పిలవని ఈ పిల్ల.

"అత్తయ్యా, రోజూ ఇలా పంపిస్తుంటే పిల్ల బెదిరిపోదూ?"

"బెదరాలనే గదమ్మాయ్ పంపేది." అత్తగారు రెల్లుచాపలు దులుపుతూ అంది. "నీ మొగుణ్ణి కూడా పంపాను. ఒకసారి సిగ్గుపడి ఊరుకున్నాడు. ఇదే మొండిఘటం. రేపు బళ్ళో వెయ్యాలా, నలుగురిలో తిరగాలా? ఇప్పుడు మానకపోతే ఎప్పుడు మానుద్ది?" గొంతు తగ్గించింది. "నువ్వు మాత్రం ఇందులోకి రామాక. నువ్వు కసిరితే సవతితల్లి కసిరిందంటారు. ఆ చెడ్డేదో నన్నే కానీ."

మిరాన్ వచ్చింది. బుర్రలో ఉన్న ఉప్పును జాడీలో ఒంపింది. చేట తీసి మేకుకు తగిలించింది. ఏడవలేదు. నేరుగా గదిలోకి పోయి తడిసిన బొంతను ఈడ్చుకుంటూ వాగువైపు బయల్దేరింది. తనకంటే పొడుగైన బొంత, అంచు మట్టిలో జీరాడుతోంది.

యోంగ్నే లేచి వెళ్ళి రెండో కొస పట్టుకుంది. "వదులు, నేను ఉతుకుతాను."

"వద్దు."

"వాగు నీళ్ళు చూశావా, మంచుముక్కల్లా ఉన్నాయి. చేతులు కొంకర్లు పోతాయి."

"వద్దన్నానా. నేనే."

ఇద్దరూ చెరో కొస పట్టుకుని నిలబడ్డారు. పిల్ల చూపు యోంగ్నే ముఖం మీద లేదు, నాచునీళ్ళలో నాని ఎర్రబడ్డ ఆమె చేతుల మీద ఉంది. గట్టిగా లాగేస్తే వచ్చేదే. కానీ యోంగ్నే వదిలేసింది. వాళ్ళమ్మ ఉతికిన బొంతను నన్ను ముట్టుకోనివ్వడం లేదనుకుంది. ఇంకా నేను పరాయిదాన్నేనని సరిపెట్టుకుని, తిరిగొచ్చి కత్తులందుకుంది.

ఆ సాయంత్రం అత్తగారు ఎండిన నాచు రేకులు పక్కింట్లో ఇచ్చి రావడానికి వెళ్ళింది. మిరాన్ పొయ్యి ముందు కూచుని పుల్లలు ఎగదోస్తోంది. యోంగ్నే వచ్చి పక్కనే చతికిలబడింది.

"మిరాన్, నేనొకటి చెప్తాను, వింటావా? ఈ సంగతి మనిద్దరం కలిసి మాన్పిద్దాం. చేటా వద్దు, ఉప్పూ వద్దు. నానమ్మకు కూడా చెప్పొద్దు."

పిల్ల పుల్ల తిప్పుతూ ఉంది గానీ వింటోందని తెలుస్తోంది.

"చీకటి పడ్డాక నీళ్ళు తాగకు. పులుసు కూడా కొంచెమే. పడుకునే ముందు నేనూ నీతో దొడ్డికి వస్తాను, నీకు భయం ఉండదు. నడిరాత్రి ఒకసారి లేపుతాను. అంతే. అలవాటు అనేది మనం ఎలా చెబితే అలా వింటుంది."

"మానేస్తే..." మిరాన్ అగ్గిలోకి చూస్తూనే అడిగింది. "బొంత ఎవరూ ఉతకక్కర్లేదు కదా?"

"పొడిగా ఉన్నదాన్ని ఎవరు ఉతుకుతారే పిచ్చిదానా?"

పిల్ల తల పంకించింది. ఏడేళ్ళ పిల్ల తలాడించినట్టు లేదు అది. సంతలో బేరం ఖాయం చేసుకున్న పెద్దమనిషి తలాడించినట్టుంది. యోంగ్నేకు నవ్వొచ్చింది. అంత పొడుగు మాట ఈ పిల్ల తనతో మాట్లాడడం అదే మొదలు.

మర్నాడు పక్క తడిసింది. ఆ మర్నాడు కూడా. ఎవరూ లేవకముందే యోంగ్నే బొంత మడిచి, పైన తన బొంత పడేసి అత్తగారి కంట పడకుండా చూసింది. తర్వాత ఒక ఉదయం చెయ్యి పెట్టి చూస్తే పక్క పొడిగా, కింద పొయ్యిసెగ పారే నేల వెచ్చదనం పట్టి హాయిగా ఉంది. మిరాన్ కళ్ళు తెరిచి ఆమెనే చూస్తోంది, ఎప్పట్నుంచి మేలుకుని ఉందో.

"పొడిగా ఉంది" అంది యోంగ్నే చెవిలో.

"ఊఁ" అంది పిల్ల.

ఆ తర్వాత రోజూ పొడే. అత్తగారు మురిసిపోయింది. బావి దగ్గర, చాపలు ఆరేసే గట్టు దగ్గర కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది. "ఏమన్నానమ్మా నేను? చేట మహిమ అది. కాస్త సిగ్గు తగలాలంతే." మోక్పో ఆవిడ కూడా మెచ్చుకుని పిల్ల చేతిలో ఉడికించిన చిలగడదుంప పెట్టింది. ఆ గెలుపు ఎవరిదో యోంగ్నేకూ మిరాన్‌కూ తెలుసు, అది చాలు. పనిచేసుకుంటూ తలెత్తినప్పుడు పిల్ల వైపు ఒక చూపు చూసేది. పిల్ల కూడా చూసేది. అలాంటి చూపు ఒకటి ఇంట్లో తన కోసం ఉండడం ఆమెకు కడుపు నిండినట్టుండేది.

నాచుపని ముమ్మరంగా ఉంది. తరిగిన నాచును తొట్టి నీళ్ళలో కలిపి, చదరపు చట్రంలోకి కొలతగా పోసి, రెల్లుచాప మీద పలచగా పరిచి, గడ్డిగోడకు వరసగా తగిలించాలి. ఎండ ఉన్నంతసేపే పని. మిరాన్ చాపలు అందించేది. అందిస్తూ అందిస్తూ ఒకసారి ఆగింది.

"నీకు ఇక్కడ నొప్పొస్తుందా?" అని తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించింది.

"నాకెందుకొస్తుంది?"

"చన్నీళ్ళలో చేతులు పెట్టావు కదా."

"ఎముక గట్టిదిలే నాది. హేనాం ఎముక" అంది యోంగ్నే. పిల్ల నవ్వలేదు. ఇంకో చాప అందించింది.

అన్నాల దగ్గర మిరాన్ ఎంత బుద్ధిమంతురాలైందో. తన పులుసు గిన్నె నానమ్మ వైపు జరిపేది, "నువ్వు తాగు నానమ్మా, నీకు మింగుడు పడదుగా" అని. అన్నం తిన్నాక కుండలో అడుగంటిన మాడు మీద నీళ్ళు పోసి కాచి అందరికీ తలా కాస్త ఇస్తే, తనది తీసుకుని బయటికి పోయి తాగేది. ఇంటి కుక్క ఆ పిల్ల వెనకాలే పోయేది. "చూశావా, చెడ్డలవాటు ఒకటి పోతే మంచలవాట్లు వాటంతటవే వస్తాయి" అంది అత్తగారు. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. "వాళ్ళమ్మ పోయాక ఇదింత మంచిగా ఉండడం ఇప్పుడే."

మిరాన్ పెదాలు పగిలాయి. సముద్రపు గాలికి దీవిలో పిల్లలందరి పెదాలూ పగులుతాయి. యోంగ్నే నువ్వులనూనె వేలికి అద్దుకుని రాసింది. పిల్ల నాలిక చాచి ఆ నూనె నాకింది. అది చూసి "ఆకలా?" అంది యోంగ్నే. "కాదు" అంది పిల్ల. నాలిక తెల్లగా, గరుకుగా ఉంది. యోంగ్నే అది చూసింది కూడా. అవతల ఎండ పోతోందని కేకేస్తున్నారు. చట్రం అందుకుని వెళ్ళిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం పూట చాపల మీంచి ఎండిన రేకులు ఒలుస్తున్నప్పుడు కుక్క అదేపనిగా మొరిగింది. యోంగ్నే వెళ్ళి చూస్తే గడ్డిగోడ నీడలో మిరాన్ నడుం పట్టుకుని ముడుచుకుని పడుంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పక్కనే ఆ పూట ఇచ్చిన గిన్నె, అందులో నీళ్ళు కుక్క సగం తాగి వదిలేసినవి.

"మిరాన్, ఇవి నువ్వు తాగలేదా?"

పిల్ల పళ్ళు బిగించింది. యోంగ్నే గిన్నె ఎత్తి నోటికి ఆనించబోతే రెండు చేతులతో తోసేసింది. అంత జ్వరంలో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

"పొద్దుట తాగావా? నిన్న?"

"నువ్వే చెప్పావు కదా."

"చీకటి పడ్డాక అన్నానే నేను!"

"పగలు తాగినా రాత్రికి వస్తుంది" అంది మిరాన్ సన్నగా. "నేను చూశాను. అసలు తాగకపోతేనే రాదు."

ఆరోగ్య కేంద్రంలో ఉన్న నర్సు పిల్ల కడుపు నొక్కి, కనురెప్ప లాగి చూసి, చర్మం గిల్లి వదిలింది. గిల్లిన చోట ముడత అలాగే నిలబడిపోయింది. "సాయంత్రం పడవుంది, మోక్పో పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపొండి. ఆలోచించమాకండి" అంది.

యోంగ్నే పిల్లను వీపుకు కట్టుకుంది. అత్తగారు కట్టుకున్న బట్టతోనే వెంటవచ్చింది. పడవలో లోపలి గది నిండా జనం, చేపల బుట్టలు. ఇద్దరూ ఒక మూల నేలమీద కూచుని పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. మిరాన్ కళ్ళు మూతలు పడుతున్నాయి, మళ్ళీ ఉలిక్కిపడి తెరుచుకుంటున్నాయి.

"పడుకో తల్లీ."

"పడుకుంటే వచ్చేస్తుందేమో. నీ బట్టలు తడుస్తాయి."

"తడవనీ. ఉతుక్కుంటాను."

ఆ మాటకు పిల్ల లేవబోయింది. యోంగ్నే చేతులు రెండూ కలిపి పట్టేసుకుంది. "వద్దు. నువ్వు ఉతకొద్దు. చలి ఛాతీలోకి పోతుంది. దగ్గు వస్తుంది. తర్వాత నువ్వు కూడా..." అని ఆపేసింది.

"ఎవరు చెప్పారే నీకు అలాగని?" అంది యోంగ్నే.

"నానమ్మ. అమ్మను పూడ్చడానికి కొండమీదికి మోసుకుపోయిన రోజు. నా పక్కబట్టలు ఉతికీ ఉతికీ మా అమ్మ పోయిందని."

అత్తగారు ఎదురుగానే ఉంది. పిల్ల కాళ్ళు ఒత్తుతున్న చేతులు అలాగే ఉండిపోయాయి.

"నేనా?" అంది. "నేనెప్పుడన్నాను? నేనలా అంటానా?" చుట్టూ ఉన్నవాళ్ళను సాక్ష్యం అడుగుతున్నట్టు చూసింది. మొదటి కోడలి శవం లేచిన రోజు, వచ్చిపోయేవాళ్ళ మధ్య, ఏడుపులో, నోటికి ఏమొచ్చిందో ఆవిడకు నిజంగానే గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు నోరు కదిలింది. ఆ తర్వాత మోక్పో దీపాలు కనపడేదాకా పిల్ల పాదాలను తన పైచొక్కా కిందికి లాక్కుని పొట్టకు ఆనించుకుని కూచుంది.

యోంగ్నేకు ఆవిణ్ణి ఒక మాట అనాలని నాలిక చివరిదాకా వచ్చింది. కానీ నీళ్ళు తాగకు అన్నది ఎవరు? బొంత అటూ ఇటూ లాక్కున్న రోజు పిల్ల తన చేతులెందుకు చూసిందో ఇప్పుడు తెలిసింది. తనను పరాయిదాన్ని చేసి కాదు బొంత ఇవ్వనిది. తన ప్రాణానికి కాపలా కాసింది ఈ పిల్ల, నాలిక ఎండగట్టుకుని.

పెద్దాసుపత్రిలో డాక్టరు కుర్రవాడు, కళ్ళ కింద నల్లగా ఉంది. పరీక్షలన్నీ అయ్యాక వరండాలోకి వచ్చి ఇద్దర్నీ కూచోమన్నాడు.

"ఇది అలవాటు కాదమ్మా. పుట్టుకతో వచ్చిన లోపం. మూత్రం కిందికి పోవాల్సింది మళ్ళీ పైకి తన్నుతోంది. ఎన్నాళ్ళనుంచో లోపల చీము పడుతూ వచ్చింది. పిల్ల ఆపుకుందామన్నా ఆగేది కాదు."

"ఎవరు ఏం చేసినా ఆగేది కాదా?" అంది అత్తగారు.

"ఆగేది కాదు. ఇలాంటి పిల్లలకు నీళ్ళు బాగా పట్టించాలి. ఈమెకు ఒంట్లో చుక్క లేదు. ఒక మూత్రపిండం పాడైపోయింది, దాని మీద ఆశ పెట్టుకోకండి. రెండోది కూడా పని ఆపేసింది. సెలైన్ ఎక్కిస్తున్నాం. పిల్ల మూత్రం పోస్తే గట్టెక్కినట్టు. పొయ్యకపోతే..." చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు. "చూద్దాం. పోసిందంటే వెంటనే నర్సుకు చెప్పండి. ఎంత కొంచెమైనా సరే."

ఆ రాత్రంతా పొయ్యలేదు. తెల్లవారింది, పొయ్యలేదు. పిల్ల ముఖం ఉబ్బింది. రబ్బరు గొట్టం వేసి చూశారు, ఏమీ రాలేదని తీసేశారు. యోంగ్నే మంచం పక్కన నిలబడి కాసేపటికోసారి దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి పక్క తడిమి చూస్తోంది. పొడిగా ఉంది. ఇంట్లో ప్రతి ఉదయం ఏ పొడి కోసం ఆమె చెయ్యి వెతికిందో, అదే పొడి తగిలి ఇప్పుడు వేళ్ళు చచ్చుబడిపోతున్నాయి.

అత్తగారు మంచం కాళ్ళ దగ్గర నేలమీద కూచుంది. రెండు అరచేతులు రుద్దుకుంటూ గొణుగుతోంది. ఏ దేవతను మొక్కుతోందో వినబడడం లేదు గానీ మాట వినబడుతోంది. "పొయ్యమ్మా. మా తల్లి కదూ. పక్క నిండా పొయ్యి. ఎవరూ ఏమీ అనరు. నానమ్మను తడిపెయ్యి. పొయ్యి బంగారం."

చుట్టుపక్కల మంచాల వాళ్ళకు సంగతి పాకిపోయింది. చెయ్యి విరిగిన పిల్లాడి తల్లి బార్లీ నీళ్ళు తెచ్చి యోంగ్నేకు ఇచ్చింది. "మీరైనా తాగండి, నిలబడలేరు" అంది. యోంగ్నే కప్పు పట్టుకుంది గానీ తాగబుద్ధి కాలేదు. తర్వాత మిరాన్ తననే చూస్తోందని కనిపెట్టి, పిల్ల ముందే గటగటా తాగేసింది.

"చూశావా, తాగాను. నువ్వూ ఒక గుక్క."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఈ పక్క మనది కాదు" అంది.

మధ్యాహ్నం దాటింది. కిటికీలోంచి పడుతున్న ఎండ మంచం మీదికి జరిగింది. పిల్లకు మత్తుగా నిద్ర పట్టింది. నిద్రలో వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని ఉన్నాయి. యోంగ్నే ఒక్కో వేలూ విప్పి, ఆ అరచేతిని తన అరచేతిలో పెట్టుకుంది. కాళ్ళమీద మెల్లగా నిమిరింది. నిమురుతూ నిమురుతూ పిల్ల మోకాళ్ళు సడలడం చూసింది.

దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చింది. తడి. వెచ్చటి తడి. కాస్తే, అరచేతి వెడల్పు. చెయ్యి అక్కడే ఉంచింది. నిజమో కాదోనని భయమేసి కదల్చలేదు. ఇంకాస్త వెచ్చదనం వచ్చి వేళ్ళ సందుల్లోకి పాకింది.

"అత్తయ్యా" అంది. "అత్తయ్యా, పోసింది."

ముసలావిడ లేవబోయి తూలి మంచం పట్టుకుంది. తనూ చెయ్యి పెట్టి చూసింది. ఆ తడిచేతిని అలాగే చెంపకు ఆనించుకుని వరండాలోకి పరుగెత్తింది. "నర్సమ్మా, మా పిల్ల పోసింది. పక్క తడిపేసింది మా పిల్ల." వార్డంతా కదిలింది. చెయ్యి విరిగిన పిల్లాడి తల్లి చప్పట్లు కొట్టింది. ఎవరో ముసలాయన మంచంలోంచే "భేష్" అన్నాడు. నర్సు వచ్చి దుప్పటి ఎత్తి చూసి, నవ్వు ముఖంతో డాక్టరు కోసం వెళ్ళింది. నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు, కళ్ళు తుడుచుకునేవాళ్ళు తుడుచుకుంటున్నారు.

ఆ సందడికి మిరాన్‌కు మెలకువ వచ్చింది. ముందు నానమ్మను చూసింది, తర్వాత నవ్వుతున్న ముఖాలన్నీ చూసింది. తర్వాత కింద తడి తెలిసింది. ముఖం తెల్లబోయింది. దుప్పటి పట్టుకుని నెత్తిమీదికి, నుదురు దాటి, కళ్ళు దాటి కిందికి లాక్కుంది.

"మంచిపని చేశావే తల్లీ, బతికించావే మమ్మల్ని" అంటూ నానమ్మ దుప్పటి తియ్యబోయింది. లోపలి నుంచి పిల్ల గట్టిగా పట్టుకుంది.

"తప్పయింది. ఇంక పొయ్యను. ఇంక నిద్రపోను" అంటోంది లోపల. "నేనే ఉతుకుతాను. నువ్వు చన్నీళ్ళలో చేతులు పెట్టొద్దు. అమ్మా, నువ్వు పెట్టొద్దమ్మా."

యోంగ్నే ఇన్నాళ్ళూ ఆ పిలుపు కోసం చెవి ఒగ్గి బతికింది. ఇలా వస్తుందనుకోలేదు. తప్పు కాదని చెప్పింది. డాక్టరు చెప్పాడని చెప్పింది. చలికి ఎవరూ చచ్చిపోరని, వాళ్ళమ్మ జబ్బు వేరని చెప్పింది. అత్తగారు మంచం పట్టె మీద తల ఆనించి, "నా నోరు పడిపోను, నేను అబద్ధం చెప్పానే, నానమ్మ అబద్ధం చెప్పిందే" అని చెబుతూనే ఉంది. దుప్పటి కింద వెక్కిళ్ళు ఆగలేదు. ఏ మాటా ఆ పిల్లను చేరడం లేదు. చేరడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అసలు చేరుతుందో లేదో.

నర్సు కొత్త దుప్పటి తెచ్చింది. యోంగ్నే కాసేపు ఆగమన్నట్టు చెయ్యి చూపింది. చెప్పులు విడిచి మంచం ఎక్కింది. సెలైన్ గొట్టం మీద పడకుండా ఒత్తిగిలి, ఆ తడిలోనే పిల్ల పక్కన పడుకుంది.